ఇంజను బ్లాకు తలమును శుభ్రపరచు విధము

ఏటా ఏప్రిల్ 15వ తేదీ మొదలు జూన్ 14వ తేదీ వరకు 61 దినములు తూర్పు తీరమున మరపడవల వేటకు నిషేధము కలదు. చేపలు గ్రుడ్లు పెట్టి వృద్ధి చెందుటకై ప్రభుత్వమువారు ఏర్పరచిన విరామమిది. ఈ కాలముననే మన యానాంలో గౌతమీ తీరమున పడవలు ఒడ్డు చేరి, వాని ఇంజన్లు విప్పబడుచుండును. బడికి వేసవి సెలవులును అప్పుడే. పెద్ద తరగతుల బాలురు కొందఱు తండ్రులకో, మేనమామలకో, షెడ్డులోని మేస్త్రీలకో చేతిసాయము చేయుచుందురు. హెడ్డు దించిన పిమ్మట బ్లాకును గీకి తుడుచు పనిని తఱచుగా ఈ పిల్లలకే అప్పగింతురు. చిన్నపని యని తలంచి పిల్లవానికి విడుచు ఈ పనిమీదనే ఇంజను ఆయువు ఆధారపడి యున్నదని తల్లిదండ్రులకు మనవి చేయుటకే ఈ నాలుగు మాటలు.

రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో జయప్రదముగా నడిపి చూపిన ఇంజనులో నిప్పురవ్వతో పనిలేదు. పిస్టను గాలిని ఇంచుమించు పదునారవ వంతునకో, అంతకంటె తక్కువకో అదిమివేయును. ఆ ఒత్తిడికే గాలి 500 డిగ్రీల సెంటిగ్రేడునకు మించి వేడెక్కును. అందు చల్లిన నూనె తనంతట అంటుకొనును. అప్పుడు పుట్టు పీడనము బయటి వాయుపీడనమునకు అరువది రెట్లకు పైబడి యుండును. ఈ శక్తిని లోపల నిలుపునది బ్లాకునకు, హెడ్డునకు నడుమ నుండు పలుచని గాస్కెట్టు. చల్లబరచు నీటిని, కందెన నూనెను వాని వాని దారులలో నుంచునదియు నదియే. అది కూర్చుండు తలము మురికిగానో, గీతలు పడియో యున్నచో ఎంత మంచి గాస్కెట్టును తన పని చేయజాలదు.

ఈ మాట నేను పుస్తకమున నేర్చుకొన్నది కాదు. సుమారు నలుబది యేండ్ల క్రిందట మా మేనమామగారి పడవ ఇంజను హెడ్డు దించినప్పుడు బ్లాకు శుభ్రపరచు పని నాకు ఒప్పగించిరి. అంటుకొనిపోయిన పాత గాస్కెట్టు ఎంతకును ఊడి రాకున్న, త్వరపడి పాత ఉలితో గీకితిని. నీటి రంధ్రమునుండి సిలిండరు అంచువఱకు సన్నని గాడి పడినది. ఎవరికిని చెప్పలేదు. రెండవనాటి వేటనుండి మరలివచ్చుచుండగా సిలిండరులోనికి నీరు దిగి, మొగ దగ్గఱ ఇంజను ఆగిపోయెను. నీరు పాటు తీయుచుండుటచే పడవ సముద్రమువైపు కొట్టుకొనిపోసాగెను. వేఱొక పడవవారు మోకు విసరి లాగుకొని రాకున్న మా గతి యేమయ్యెడిదో! మామగారు నన్ను తిట్టలేదు. మరల హెడ్డు దించి, నా వ్రేలు పట్టుకొని ఆ గాడిమీద ఆనించి, “గోరు పెట్టి చూడు. గోటికి తగిలింది గాస్కెట్టుకు తగలదట్రా?” అని మాత్రము అనిరి.

ఇక పని చేయవలసిన తీరు. ఇంజను పూర్తిగా చల్లారిన పిదప, నీటిని తీసివేసి, హెడ్డు విప్పవలెను. పిమ్మట సిలిండర్లలోను, నూనె, నీటి రంధ్రములలోను శుభ్రమైన గుడ్డలు క్రుక్కవలెను. గీకిన పొట్టు లోపల పడరాదు. గాస్కెట్టు ముక్కలను అందులకై అమ్మెడి ద్రావకముతో నానబెట్టి, గీకుడు రేకును తలమునకు వాల్చి పట్టి మెల్లగా తీయవలెను. ఇనుప బ్లాకు కొంత ఓర్చుకొనును. అల్యూమినియము మెత్తనిది గావున దానికి చెక్కతోనో, ప్లాస్టిక్కుతోనో చేసిన రేకే వాడవలెను.

త్వరగా తేలునని కొందఱు కరెంటు మిషనుకు గరుకు బిళ్ళ తగిలించి రుద్దుదురు. ఇది కూడదు. అది లోహమును అక్కడక్కడ పల్లము చేయును. అంతకంటె కీడు, దానినుండి రాలెడి సన్నని గరుకు రేణువులు నూనెలో కలిసి బేరింగులను అరగదీయును. తలము మెఱసినంత మాత్రమున శుభ్రమైనట్లు కాదు.

బోల్టు రంధ్రములను మఱువరాదు. అడుగు మూసియున్న రంధ్రమున నీరో నూనెయో నిలిచినచో, ద్రవము అణగదు గావున బోల్టు బిగించునప్పుడు బ్లాకే చీలవచ్చును. లేదా, బిగువు వచ్చినట్లు తోచియు రాకుండును. మరలను శుభ్రపరచి, కండ్లకు అద్దాలు పెట్టుకొని, గాలితో ఊదవలెను.

తుదకు తెల్లగుడ్డతో తలమును తుడువవలెను. గుడ్డ తెల్లగా మిగులువఱకు ఈ పని ముగియలేదన్నమాట. పిదప సరియైన ఉక్కు బద్దను నిలువుగా, అడ్డముగా, మూలనుండి మూలకు నిలిపి, దాని క్రింద ఫీలరు గేజి రేకు దూరునేమో చూడవలెను. ఎంత సందు ఉండవచ్చునో ఇంజను పుస్తకములో వ్రాసియుండును. పెక్కింటికది మిల్లీమీటరులో పదవ వంతునకు మించదు. మించినచో మిషను షాపునకు పంపవలసినదే. గాస్కెట్టు క్రొత్తదే వేసి, బోల్టులను నడుమనుండి అంచులకు, పుస్తకము చెప్పిన క్రమమున విడతలుగా బిగింపవలెను.

హెడ్డు కూర్చున్న తరువాత ఈ తలము ఎవరి కంటను పడదు. పిల్లవాడు చక్కగా చేసెనో లేదో మొగ దగ్గఱ తెలియవలసినదే. కావున మీ బాలుని ఈ పనికి పంపునప్పుడు, “త్వరగా కానీ” అనక, ఎందులకు చేయుచున్నాడో చెప్పి, చాలినంత వ్యవధి నిచ్చి, హెడ్డు దించి పెట్టుటకు ముందు మీరొకసారి గోరు ఆనించి చూడుడు. గాడి పడినచో దాచక చెప్పగల ధైర్యమును వానికి కలిగింపుడు. ఆనాడు నాకు లేకపోయినది ఆ ధైర్యమే.