పిడుదు కాటు.. లెక్క తగ్గినా ముప్పు తగ్గదు!

ఏప్రిల్ వచ్చిందంటే మన ఇళ్లలో చాలామంది అమ్మానాన్నలు పెట్టెలు సర్దడం మొదలుపెడతారు. కోడలి పురుడనో, మనవరాలి పుట్టినరోజనో, ఇక్కడి ఎండల్ని తప్పించుకుందామనో జర్మనీకో, ఆస్ట్రియాకో, స్వీడన్‌కో బయల్దేరతారు. బీపీ మాత్రలు మూడు నెలలకు సరిపడా తీసుకుంటారు. ప్రయాణ బీమా కట్టేస్తారు. అక్కడికి చేరాక సాయంత్రాలు మనవణ్ని తీసుకుని పార్కుకి వెళ్తారు. చెట్ల కింద గడ్డిలో దుప్పటి పరుచుకుని కూర్చుంటారు. ఆ గడ్డిలో, సరిగ్గా ఆ నెలల్లోనే ఓ చిన్న పురుగు చురుగ్గా తిరుగుతుంటుందని మాత్రం చాలామందికి తెలియదు.

దాని పేరు పిడుదు. కొన్ని ప్రాంతాల్లో గోమారి అంటారు. పశువుల పొదుగుకీ, కుక్కల చెవులకీ అంటుకుని రక్తం తాగే పురుగే ఇది. ఐరోపా అడవుల్లో ఉండే రకం పిల్ల దశలో గసగసాల గింజంతే ఉంటుంది. కుట్టినా నొప్పి తెలియదు. ఈ పురుగు లాలాజలం ద్వారా సోకే జబ్బుల్లో మెదడును దెబ్బతీసేది ఒకటుంది. అదే ‘టిక్ బోర్న్ ఎన్‌సెఫలైటిస్’. క్లుప్తంగా టీబీఈ. జర్మనీలో దీన్ని ఎఫ్ఎస్ఎంఈ అంటారు. మీ పిల్లలున్న ఊళ్లో మందుల షాపు ముందు ఆ అక్షరాలతో ప్రకటన కనిపిస్తే అది ఈ జబ్బు గురించే.

రెండు విడతల జ్వరం

డెంగీ, మనకు బాగా తెలిసిన జపనీస్ మెదడువాపు.. వీటిని తెచ్చిపెట్టే వైరస్‌ల కుటుంబానికే టీబీఈ వైరస్ కూడా చెందుతుంది. అవి దోమల ద్వారా వస్తే, ఇది పిడుదుల ద్వారా వస్తుంది. కుట్టిన వారం, రెండు వారాల్లో జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు మొదలవుతాయి. కొద్దిరోజుల్లో తగ్గిపోతాయి. ‘హమ్మయ్య, మామూలు ఫ్లూ’ అనుకుంటాం. కొందరిలో ఓ వారం గడిచాక జ్వరం మళ్లీ విరుచుకుపడుతుంది. ఈసారి మెడ బిగుసుకుపోవడం, తూలడం, మాట తడబడటం, అయోమయం, ఫిట్స్, చేతులు చచ్చుబడటం వంటివి ఉండొచ్చు. ఐరోపా రకం వైరస్‌తో ప్రాణాపాయం నూటికి ఒకరిద్దరికి మించదు గానీ, మెదడు వరకూ వెళ్లినవారిలో చాలామందిని జ్ఞాపకశక్తి లోపం, తలనొప్పి, నడకలో తూలు నెలలు, ఏళ్ల తరబడి వేధిస్తాయి. వయసు పైబడినవారిలో తీవ్రత ఎక్కువ. అంటే పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నల వయసే దీనికి అసలు ముప్పున్న వయసు.

వైరస్‌ను చంపే మందు దీనికి లేదు. లక్షణాలను బట్టి చికిత్స చేయాల్సిందే. మంచి టీకా మాత్రం ఉంది. అది ఎవరికి అవసరమో తేలాలంటే జబ్బు ఎక్కడ, ఎంతగా ఉందో తెలియాలి. అందుకే ఐరోపా దేశాలు ఏటా దీని కేసుల్ని జాగ్రత్తగా లెక్కిస్తాయి.

ఎలా లెక్కిస్తారు?

పిడుదుల్ని పట్టి పరీక్షిస్తే సరిపోతుందిగా అనిపించొచ్చు. పరిశోధకులు ఆ పని కూడా చేస్తారు. తెల్లటి గుడ్డను గడ్డి మీద ఈడ్చుకుంటూ వెళ్లి, దానికి అంటుకున్న పిడుదుల్ని ఏరి పరీక్షిస్తారు. కానీ జబ్బున్న ప్రాంతాల్లో కూడా వందకు కొద్ది పిడుదుల్లోనే వైరస్ ఉంటుంది. ఒక్కోచోట వందకు ఒకటి కూడా ఉండదు. వందల పిడుదుల్ని చూసి ‘ఇక్కడ వైరస్ లేదు’ అని చెప్పలేం. అందుకే ఆసుపత్రుల్లో బయటపడే మనుషుల కేసులే ప్రధాన ఆధారం.

జర్మనీలో 2001 నుంచి ప్రతి కేసునూ ప్రభుత్వానికి తెలపడం తప్పనిసరి. అక్కడి రాబర్ట్ కాక్ ఇన్‌స్టిట్యూట్ ఏటా జిల్లాల వారీగా పటం విడుదల చేస్తుంది. ఇందులో రోగి ఏ ఆసుపత్రిలో చేరాడన్నది కాదు, ఎక్కడ తిరిగినప్పుడు సోకిందన్నది చూస్తారు. ఒక్క ఏడాది అంకెను నమ్ముకోరు. ఐదేళ్ల కేసుల్ని కలిపి చూసి, ఆ ఐదేళ్లలో లక్ష జనాభాకు ఒకటి కన్నా స్పష్టంగా ఎక్కువ ఉన్న జిల్లాను ముప్పున్న ప్రాంతంగా ప్రకటిస్తారు. దక్షిణాన బవేరియా, బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రాల్లోని అత్యధిక జిల్లాలు ఈ పటంలో ఉన్నాయి. మ్యూనిక్, స్టుట్‌గార్ట్ నగరాలున్నది ఈ రాష్ట్రాల్లోనే. మన పిల్లలు చదువులకీ, ఉద్యోగాలకీ ఎక్కువగా వెళ్లే ఊళ్లవి.

ఐరోపా సమాఖ్య మొత్తానికీ ఒకే నిర్వచనంతో టీబీఈ కేసుల నమోదు 2012 నుంచి మొదలైంది. అంతకుముందు ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. కొన్నిచోట్ల మెదడుకు వ్యాపిస్తేనే లెక్కలోకి తీసుకునేవారు, మరికొన్నిచోట్ల జ్వరం దగ్గరే ఆగినా లెక్కించేవారు. కాబట్టి ‘ఆ దేశంలో ఎక్కువ, ఈ దేశంలో తక్కువ’ అనే పాత పోలికల్ని యథాతథంగా నమ్మలేం.

ఆస్ట్రియా నేర్పిన పాఠం

ఒకప్పుడు ఈ జబ్బు బెడద బాగా ఉన్న దేశాల్లో ఆస్ట్రియా ఒకటి. 1979లో అక్కడ 677 మంది దీని బారినపడ్డారు. 1981లో దేశమంతటా టీకా ప్రచారం మొదలైంది. క్రమంగా జనాభాలో 80 శాతానికి పైగా ఏదో ఒక సమయంలో టీకా వేయించుకున్నారు. 1999 నాటికి కేసులు 41కి పడిపోయాయి. 2000 నుంచి 2011 మధ్యే టీకా 4 వేలకు పైగా కేసుల్ని ఆపిందని పరిశోధకులు అంచనా వేశారు.

‘41 కేసులేగా, ఇక భయం లేదు’ అనుకుంటే పొరపాటు. టీకా వేయించుకోనివారిని విడిగా లెక్కిస్తే, వారిలో జబ్బు దాదాపు టీకా రాకముందున్నంతగానే ఉన్నట్టు తేలింది. అడవిలో పిడుదులు అలాగే ఉన్నాయి. ఎలుకల్లో, పిడుదుల్లో వైరస్ తిరుగుతూనే ఉంది. టీకా మనిషిని కాపాడుతుంది గానీ, అడవిని శుభ్రం చేయదు. పక్కవాళ్లంతా టీకా వేయించుకున్నారు కదా, మనకూ రక్షణే అనుకోవడానికి ఇది తట్టు లాంటి జబ్బు కాదు. మనిషి నుంచి మనిషికి అంటదు. కాబట్టి ఎవరి రక్షణ వారిదే. తక్కువ అంకెను చూసి టీకా వేయించుకోకుండా వెళ్లిన విదేశీయుడికి అక్కడి ముప్పు 1979లో ఉన్నట్టే ఉంటుంది. జర్మనీలో కేసులు తగ్గినంత మాత్రాన ఒక జిల్లాను వెంటనే పటం నుంచి తీసేయకపోవడానికీ కారణం ఇదే.

అంకె ఎందుకు పెరుగుతుంది?

పెరుగుదలనూ అంతే జాగ్రత్తగా చదవాలి. 1990ల మొదట్లో లాత్వియా, లిథువేనియా, ఎస్తోనియాల్లో కేసులు అకస్మాత్తుగా పెరిగాయి. వాతావరణ మార్పు ఒక్కటే ఇంత తేడా తేలేదని పరిశోధకులు తేల్చారు. సోవియట్ యూనియన్ కూలి, ఉద్యోగాలు పోయిన ఆ కాలంలో పుట్టగొడుగులు, బెర్రీ పండ్లు ఏరుకోవడానికి అడవుల బాట పట్టినవారు పెరగడమూ కారణమేనని వారు గుర్తించారు.

చెక్ రిపబ్లిక్‌లో 2006లో కేసులు వెయ్యి దాటాయి. జర్మనీలో 2020లో 700 దాటాయి. అది కరోనా ఏడాది. దూర ప్రయాణాలు ఆగి, జనం ఊరి పక్క అడవుల్లో నడకకు వెళ్లిన కాలం. స్వీడన్‌లో కూడా కొన్నేళ్లుగా పెరుగుతున్నాయి, స్టాక్‌హోం చుట్టుపక్కల ఎక్కువ. చలికాలాలు వెచ్చబడటం, పిడుదుల్ని మోసే జింకలు, ఎలుకల సంఖ్య, జనం అలవాట్లు, వైద్యులు పరీక్షలు ఎక్కువగా చేయించడం.. ఇవన్నీ కలిసి ఆ అంకెను పెంచుతాయి. వెతికినచోటే కేసు దొరుకుతుంది. నెదర్లాండ్స్‌లో స్థానికంగా సోకిన తొలి కేసులు 2016లో బయటపడ్డాయి.

పిడుదు కాటు లేకుండానూ ఈ జబ్బు రావచ్చు. వైరస్ సోకిన మేక, గొర్రె, ఆవుల పచ్చిపాలు, వాటితో చేసిన జున్ను తిన్నా వస్తుంది. 2020లో ఫ్రాన్స్‌లో మేకపాల జున్ను వల్ల 40 మందికి పైగా జబ్బుపడ్డారు. మరుసటి ఏడాదే అక్కడ కేసుల నమోదును తప్పనిసరి చేశారు.

మీకు డెంగీ వచ్చిందా? డాక్టరుకు చెప్పండి

మనవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. టీబీఈ నిర్ధారణకు రక్తంలో యాంటీబాడీల్ని చూస్తారు. గతంలో డెంగీ వచ్చినవారికి, జపనీస్ మెదడువాపు లేదా ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నవారికి ఆ పరీక్షలో పొరపాటున పాజిటివ్ రావచ్చు. వైరస్‌లన్నీ ఒకే కుటుంబానివి కాబట్టి యాంటీబాడీలు పోలి ఉంటాయి. అలాంటప్పుడు మరింత కచ్చితమైన పరీక్షతో నిర్ధారించుకోవాలి. అక్కడి డాక్టరుకు మన డెంగీ చరిత్ర తెలియదు. మనమే చెప్పాలి.

దీనికి తిరకాసు ఇంకొకటుంది. కాటుకీ, జ్వరానికీ మధ్య వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఈలోగా మీరు హైదరాబాద్‌కో, విజయవాడకో తిరిగి వచ్చేయొచ్చు. ఇక్కడ జ్వరమంటే డెంగీ, టైఫాయిడ్, మలేరియాల మీదికే దృష్టి పోతుంది. ఐరోపా వెళ్లొచ్చిన నెలలోపు జ్వరం వచ్చినా, తగ్గి మళ్లీ వచ్చినా ఆ ప్రయాణం సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

మన పొరుగునా ఉంది

పిడుదుల జబ్బు విదేశాలకే పరిమితం కాదు. కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో 1957లో ఇదే కుటుంబానికి చెందిన వైరస్‌ను గుర్తించారు. దాన్నే మంకీ ఫీవర్ అంటున్నాం. అక్కడ కోతులు చనిపోతుంటే అదే తొలి హెచ్చరిక. కొందరిలో ఇది కూడా రెండో విడతలో నాడీమండలాన్ని తాకుతుంది. శీతాకాలం, వేసవిలో పశ్చిమ కనుమల అడవుల్లో తిరిగేవారు పిడుదుల విషయంలో అప్రమత్తంగా ఉండాలి. టీబీఈ టీకా దీనికి పనికొస్తుందని మాత్రం అనుకోవద్దు.

ఇవి గుర్తుంచుకోండి

* వెళ్లే ఊరు ముప్పున్న పటంలో ఉందేమో ముందే చూడమని పిల్లలకు చెప్పండి. అడవులు, తోటలు, గడ్డి మైదానాల్లో గడిపే ఆలోచన ఉంటే టీకా గురించి డాక్టరుతో మాట్లాడండి.

* టీకా మొత్తం మూడు డోసులు. మొదటి రెంటికీ మధ్య సాధారణంగా 1-3 నెలలు. సమయం లేకపోతే 2 వారాల వ్యవధితోనూ ఇస్తారు. మూడోది కొన్ని నెలల తర్వాత. ఆపై 3 ఏళ్లకు బూస్టర్.

* జర్మనీలో ముప్పున్న ప్రాంతాల్లో ఉండేవారికి టీకా ఖర్చును అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా భరిస్తుంది. అక్కడ స్థిరపడిన పిల్లలు, మనవలు దీన్ని వాయిదా వేయొద్దు.

* గడ్డిలో నడిచేటప్పుడు పొడవు ప్యాంటు వేసుకుని, అంచుల్ని సాక్సుల్లోకి దోపుకోవాలి. లేతరంగు దుస్తులైతే పిడుదు ఇట్టే కనిపిస్తుంది.

* ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, గజ్జలు, చంకలు, చెవుల వెనక చూసుకోవాలి. చిన్నపిల్లల తలలో తప్పనిసరిగా వెతకాలి.

* అంటుకుంటే సన్నటి పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని నిదానంగా, నిటారుగా లాగాలి. నూనె పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. టీబీఈ వైరస్ కుట్టిన కొద్ది నిమిషాల్లోనే ఒంట్లోకి చేరొచ్చు. అయినా వెంటనే తీసేస్తే లైమ్ వంటి ఇతర పిడుదు జబ్బుల ముప్పు తగ్గుతుంది.

* కుట్టిన తేదీ, చోటు క్యాలెండర్‌లో రాసుకోండి. నెల రోజుల్లో జ్వరమొస్తే డాక్టరుకు చూపించడానికి అదే ఆధారం. రేపటి పటంలో మరో జిల్లా చేరడానికీ ఆ వివరమే దారి చూపొచ్చు.