పాటిదిబ్బ చెప్పే పాఠం

మీ ఊరి పొలిమేరలో పాటిదిబ్బ ఉందా? రైతులు పాటిమన్ను బళ్లకెత్తి పొలాలకు తోలుకుపోయే చోట కుండ పెంకులు మీ కంటబడే ఉంటాయి. ఒకప్పుడు అక్కడ మనుషులు కాపురమున్నారన్నమాట! ఆ పెంకులను చదవడం నేర్పేదే పురావస్తు శాస్త్రం.

ఈ శాస్త్రం చదివే విద్యార్థికి కొన్ని పాఠాలు తరగతి గదిలో, కొన్ని తవ్వకపు గుంటలో జరుగుతాయి. అతని పనిముట్లు చిన్న తాపీ, కుంచె, టేపు, నోటు పుస్తకం. మట్టి పొరలు పొరలుగా పేరుకుంటుంది. మామూలుగా అడుగు పొర పాతది, పై పొర కొత్తది. అయితే తర్వాతి కాలంవారు ధాన్యానికి పాతర తవ్వితే, కొత్త వస్తువు పాత పొరలోకి దిగిపోవచ్చు. అందుకే విద్యార్థి మట్టి రంగునూ, గట్టిదనాన్నీ గమనిస్తూ తవ్వుతాడు. దొరికిన ప్రతి పెంకు ఏ పొరలోదో రాసిపెడతాడు.

ఇంత శ్రమ ఎందుకంటారా? ఒక ఉదాహరణ చూడండి. 1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడులో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపించాడు. అక్కడ ఇటలీలో తయారైన ఎర్రని నునుపు పాత్రల పెంకులు దొరికాయి. అవి సుమారు క్రీ. శ. 1వ శతాబ్ది తొలినాళ్లవని ముందే తెలుసు. వాటితోపాటు, లోపలి అడుగున చుక్కల వలయాలున్న పళ్లేల పెంకులూ దొరికాయి. తేదీ తెలిసిన పెంకు తేదీ తెలియని పెంకుకు సాక్ష్యం చెప్పింది! 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో పొరల కాలం లెక్కకట్టడానికి ఆ చుక్కల పళ్లేలే తోడ్పడ్డాయి. అలాంటి పళ్లేలు క్రీస్తుకు పూర్వమే వాడుకలో ఉన్నాయని తర్వాతి తవ్వకాల్లో తేలింది. పొరల వివరాలు రాసి ఉండబట్టే పాత లెక్కను సరిదిద్దడం వీలైంది.

ఈ చదువుకు చరిత్ర ఒక్కటే చాలదు. బొగ్గులోని కార్బన్-14 పరమాణువులు 5,730 ఏళ్లకు సగమవుతాయి. దాన్నిబట్టి కాలం కట్టడానికి భౌతికశాస్త్రం కావాలి. ఎముకలు గుర్తించడానికి జంతుశాస్త్రం, గింజలు గుర్తించడానికి వృక్షశాస్త్రం కావాలి. మన దేశంలో చాలాచోట్ల ఈ శాస్త్రాన్ని ఎం.ఏ.లో బోధిస్తారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయం వంటి కొన్నిచోట్ల బి.ఏ.లోనే మొదలుపెట్టవచ్చు.

ఒక్క సంగతి మరవకండి. ప్రయోగశాలలో ప్రయోగం తప్పితే మళ్లీ చేయవచ్చు. ఒకసారి తవ్విన పొరను మళ్లీ తవ్వలేం. కనుక పాటిదిబ్బ మీద వింత వస్తువేదైనా కనబడితే, తవ్వకండి. ఎక్కడ కనబడిందో రాసుకుని మీ ఉపాధ్యాయులకు చెప్పండి. మీ తొలి పాఠం అదే!