గతుకుల దారి బండికి ఏ షాకబ్జర్లు మేలు?
ధర చూసి కాదు, దారి చూసి కొనాలి

మిర్చి కోతలు ముమ్మరంగా సాగే రోజుల్లో చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం వైపు నుంచి బస్తాల బండ్లు సాయంత్రానికే బయలుదేరతాయి. తెల్లారేసరికి ఖమ్మం యార్డులో ఉంటేనే జెండా పాటకు సరుకు అందుతుంది. చర్ల నుంచి భద్రాచలం దాకానే దాదాపు 60 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఖమ్మానికి ఇంకో 115 పైనే. చేను గట్టు నుంచి తారు రోడ్డు ఎక్కేదాకా మొరం దారి, వాగు దాట్లు, రాళ్ల బాట ఎలాగూ తప్పవు. ఇసుక లారీలు తిరిగిన చోట తారు రోడ్డూ గుంతలమయమే.

ఈ దారిలో బండి ఆగిపోతే కిరాయి ఒక్కటే కాదు, ఆ రోజు పాట పోతుంది. బండి పల్టీ కొడితే ప్రాణాలే పోతాయి. అయినా టైరు, ఇంజను ఆయిల్ చూసుకున్నంత శ్రద్ధగా మనం షాకబ్జర్లను చూడం. చక్రం పక్కన చిన్న గొట్టంలా వేలాడే ఆ వస్తువు పనిచేస్తున్నదో లేదో బండి ఊగేదాకా తెలియదు. తెలిసిన తర్వాత షాపుకు పోయి ‘గట్టిది ఒకటి ఇవ్వు’ అంటాం. పొరపాటు అక్కడే మొదలవుతుంది.

షాకబ్జరు బరువు మోయదు

ముందుగా ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. బండి మీది బరువును మోసేవి కమాను కట్టలు. గుంతలో చక్రం పడినప్పుడు కమాన్లు వంగుతాయి, మళ్లీ లేస్తాయి. అడ్డుకునేది ఏదీ లేకపోతే ఉయ్యాల మాదిరి అలా ఊగుతూనే ఉంటాయి. ఆ ఊపును ఆపేదే షాకబ్జరు. దాని గొట్టంలో నూనె ఉంటుంది, నూనెలో పిస్టన్ కదులుతుంది. సన్నని రంధ్రాల గుండా నూనె బలవంతంగా దూరాల్సి రావడంతో ఊపు తగ్గుతుంది. ఆ ఊపులోని శక్తి అంతా వేడిగా మారి గొట్టం పైనుంచి గాలిలోకి పోతుంది.

కాబట్టి బండి కుంగిపోతున్నదంటే తప్పు కమాన్లలో ఉన్నట్టు, లేదా బరువు ఎక్కువైనట్టు. దానికి ఎంత ఖరీదైన షాకులు వేసినా ఫలితం ఉండదు. బండి కుంగకుండా ఊగుతున్నదంటేనే షాకులను అనుమానించాలి.

కొన్ని పెద్ద లారీలకు వెనక ఇరుసుకు షాకులే ఉండవు. కమాను పట్టీల మధ్య రాపిడే కొంతవరకు ఆ పని చేస్తుంది. ట్రాక్టరు ట్రక్కులకైతే మామూలుగా అసలే ఉండవు. అందువల్ల ఈ సంగతులు ముఖ్యంగా మన ఊళ్లకు వచ్చే ట్రాలీ ఆటోలు, పికప్‌లు, 407 తరహా బండ్లు, డీసీఎంలకు వర్తిస్తాయి.

పోయిందని గుర్తుపట్టడం ఇలా

* గొట్టం మీద పలచగా నూనె తడి, దానికి అంటిన దుమ్ము ఉంటే కంగారు పడక్కర్లేదు. నూనె చారలుగా కారుతుంటే, కిందికి చుక్కలు పడుతుంటే సీలు పోయినట్టే.
* టైరును అరచేత్తో తడిమి చూడాలి. అరుగుదల సమానంగా లేక గుంత, మిట్ట, గుంతగా తగిలితే చక్రం నేల మీద ఆనకుండా ఎగురుతున్నట్టు. గాలి తక్కువైనా, వీల్ బేరింగు వదులైనా టైరు తేడాగా అరుగుతుంది కనుక వాటినీ చూడాలి.
* బ్రేకు వేయగానే ముక్కు నేలకు వంగడం, మలుపులో బండి ఒక పక్కకు ఒరిగి ఆలస్యంగా లేవడం మంచి గుర్తులు కావు.
* చిన్న గుంతకే ‘టక్ టక్’మని ఇనుప చప్పుడు వస్తే రబ్బరు బుష్‌లు అరిగాయా, నట్లు వదులయ్యాయా చూడాలి. చాలాసార్లు బుష్ మారిస్తే సరిపోతుంది, షాకు మార్చనక్కర్లేదు.

బండి మూల మీద నొక్కి వదిలి ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కపెట్టడం పాత పద్ధతి. కార్లకు అది కొంత పనికొస్తుంది. మందపు కమాను కట్టలున్న బండికి ఆ పరీక్షను నమ్మలేం. చేత్తో నొక్కితే కట్టలు కదలనే కదలవు.

సరుకు బండ్లకు మేలైన పరీక్ష వేడి చూడటం. గతుకుల దారిలో 15, 20 కిలోమీటర్లు నడిపాక చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాయి ఓటు పెట్టాలి. చేతి వెనక వైపును ఒక్కో షాకు దగ్గరగా పెట్టి వేడిని పోల్చాలి. పట్టుకోకూడదు, చెయ్యి కాలుతుంది. సైలెన్సర్ గొట్టానికీ దూరంగా ఉండాలి. పనిచేసే షాకు తప్పక వేడెక్కుతుంది. ఒకే ఇరుసు మీద ఒకటి వేడిగా, రెండోది చల్లగా ఉందంటే ఆ చల్లనిది పనిచేయడం మానేసినట్టు.

ఒక గొట్టమా, రెండు గొట్టాలా?

బజారులో ప్రధానంగా మూడు రకాలు దొరుకుతాయి.

మొదటిది నూనె షాకు. లోపల ఒక గొట్టం, దాని బయట ఇంకో గొట్టం. ధర తక్కువ. మామూలు రోడ్డుకు చాలు. అయితే అలలు అలలుగా తేలిన మొరం దారి మీద గంటసేపు ఆగకుండా నడిస్తే నూనె కాగుతుంది, గాలితో కలిసి నురగ కడుతుంది. నురగకు అడ్డుకునే బలం ఉండదు. బయలుదేరినప్పుడు బాగున్న బండి 30 కిలోమీటర్ల తర్వాత ఊగడం మొదలుపెడుతుంది. చల్లారాక మళ్లీ బాగానే ఉంటుంది. షెడ్డుకు తీసుకుపోతే మేస్త్రీకి తప్పు కనపడకపోవడానికి ఇదొక కారణం.

రెండోది రెండు గొట్టాలదే, కానీ లోపల తక్కువ ఒత్తిడితో నైట్రోజన్ గ్యాస్ నింపుతారు. ఆ ఒత్తిడికి నూనె తొందరగా నురగ కట్టదు. ధర కొంచెం ఎక్కువ.

మూడోది ఒకే గొట్టం ఉండే గ్యాస్ షాకు. ఇందులో ఒత్తిడి చాలా ఎక్కువ. వేడి నేరుగా బయటికి పోతుంది కనుక త్వరగా చల్లబడుతుంది. పనితనంలో ఇదే మేలు. కానీ ఒక చిక్కుంది. పిస్టన్ కదిలేది ఆ పై గొట్టంలోనే. రాయి ఎగిరి తగిలి గట్టి సొట్ట పడితే పిస్టన్ పట్టేస్తుంది, షాకు మొత్తం పోతుంది. రెండు గొట్టాల దానికి బయట చిన్న సొట్ట పడినా లోపలి గొట్టం క్షేమంగా ఉండవచ్చు.

మన అడవి దారుల్లో రాళ్లూ ఉన్నాయి, దూరమూ ఉంది. అందుకే చిన్న, మధ్య తరహా సరుకు బండికి మందపు గొట్టం, లావు రాడ్డు ఉన్న రెండు గొట్టాల గ్యాస్ షాకు సరైన రాజీ. ఊళ్లోనే తిరుగుతూ అప్పుడప్పుడు మండల కేంద్రానికి పోయే బండికి నూనె షాకులు చాలు. ఒకే గొట్టం రకం వేయించేవారు రాళ్ల తాకిడికి అడ్డుగా తొడుగు ఉండేలా చూసుకోవాలి.

మరీ బిగుసైన షాకు మంచిదనుకోవడం కూడా పొరపాటే. ఖాళీ బండి వెనక చక్రాలు నేల మీద ఆనకుండా గెంతుతాయి, బ్రాకెట్ల వెల్డింగులు చీలతాయి.

సరుకును బట్టి కూడా

ఎండు మిర్చి బస్తాలు బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. పైకి పేర్చిన బండికి ఊగే గుణం ఉంటుంది. షాకులు నీరసిస్తే మలుపులో ఒరిగి పడేది ఇలాంటి బండే. దమ్మపేట, అశ్వారావుపేట వైపు ఆయిల్ పామ్ గెలలది ఇంకో తీరు. ఎత్తు తక్కువ, బరువు ఎక్కువ. అప్పారావుపేట, అశ్వారావుపేట ఫ్యాక్టరీలకు గెలలు కోసిన 24 గంటల్లో చేరితే మేలు. దారిలో కుదుపులకు కాయలు నలిగితే నూనెలో ఆమ్లం పెరిగి నాణ్యత పడిపోతుంది. సారపాక పేపరు మిల్లుకు జామాయిల్, సుబాబుల్ దుంగలు వేసే బండికి కమాన్ల బలమే ముఖ్యం, షాకులు తర్వాత.

బరువు ఆగడం లేదని కొందరు కమాను కట్టకు అదనపు పట్టీ వేయిస్తారు. దాంతో బండి ఎత్తు పెరుగుతుంది. పాత పొడవు షాకు అప్పటికే సాగి ఉంటుంది కనుక చక్రం గుంతలోకి దిగినప్పుడు చివరిదాకా లాగబడి తెగుతుంది. అలాగని కొలత చూడకుండా పొడుగుది వేస్తే మిట్ట ఎక్కినప్పుడు అడుక్కి కొట్టుకుని బ్రాకెట్టు విరుగుతుంది. పట్టీ వేయించాక కొలతలు మళ్లీ తీయాల్సిందే. పరిమితికి మించిన బరువుకు మాత్రం ఏ షాకూ మందు కాదు.

షాపులో చూడాల్సినవి

1. బండి పేరు ఒక్కటే చెబితే చాలదు. మోడల్, తయారైన సంవత్సరం, ముందుదా వెనకదా చెప్పాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 బండ్లు వచ్చాయి. అదే పేరున్న పాత బండి షాకు వీటికి సరిపోతుందని అనుకోకూడదు. ఆర్‌సీ కాగితం, పాత షాకు రెండూ వెంట తీసుకుపోవాలి. పాతదాని మీద పార్టు నంబరు ఉంటే రాసుకోవాలి.

2. పూర్తిగా ముడిచినప్పటి పొడవు, పూర్తిగా సాగినప్పటి పొడవు, బుష్ రంధ్రం, బుష్ వెడల్పు కొలవాలి. ఈ నాలుగూ కలవాలి. ఇంతకుముందు ఎవరో తప్పు సైజు వేసి ఉండవచ్చు కనుక కంపెనీ చెప్పిన నంబరుతో సరిచూడాలి.

3. చేత్తో నొక్కి లాగి చూడాలి. కదలిక ఒకే తీరుగా ఉండాలి. మధ్యలో ఖాళీగా జారితే వద్దు. సాధారణంగా నొక్కేటప్పటి కంటే లాగేటప్పుడు ఎక్కువ బిగువు ఉంటుంది. గ్యాస్ షాకు నొక్కి వదిలితే తనంతట తాను లేవాలి.

4. రాడ్డు నునుపుగా, గీత లేకుండా మెరవాలి. దుమ్ము తొడుగు గట్టిగా ఉండాలి.

5. పేరున్న కంపెనీల పెట్టెల్లో నకిలీలు పెట్టి అమ్మేవారున్నారు. ముద్ర, అక్షరాలు, ధర చీటీ చూడాలి. బిల్లు అడగాలి. బిల్లు లేకపోతే వారంటీ లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతమే. పాత 28 శాతం లెక్కన వేస్తే ప్రశ్నించాలి.

6. కోసి నూనె నింపి మళ్లీ అతికిన పాత షాకుల జోలికి పోవద్దు. షాకులో పోసే నూనె వేరు. ఇంజను ఆయిల్ పోస్తే నాలుగు రోజుల ముచ్చటే.

బిగింపులో జాగ్రత్తలు

ఒకే ఇరుసు మీది రెండు షాకులనూ ఒకేసారి మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. చిన్న బండ్లలో జత షాకుల ఖర్చు సాధారణంగా ఒక టైరు ఖర్చును మించదు. షాకులు మార్చక పాడయ్యే టైర్లతో పోలిస్తే ఇది తక్కువే.

రెండు గొట్టాల షాకును బిగించే ముందు నిలువుగా పట్టుకుని నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి లాగాలి. పడుకోబెట్టి ఉంచినప్పుడు లోపల చేరిన గాలి బుడగలు పోతాయి. రాడ్డును పట్టకారుతో పట్టనివ్వకూడదు. గీత పడితే అదే సీలును కోస్తుంది. బుష్ నట్ల చివరి బిగింపు బండి చక్రాల మీద నిలబడ్డాకే చేయాలి. గాల్లో వేలాడేటప్పుడు బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. ఛాసిస్ కింద ఉండే బంప్ రబ్బరు ఊడిపోయి ఉంటే తప్పక వేయించాలి. అది లేకపోతే దెబ్బ అంతా షాకు మీదే పడుతుంది. యూ-బోల్టులు, సెంటర్ బోల్టు కూడా అదే పూట చూపించాలి. 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మరోసారి బిగించాలి.

పాత గ్యాస్ షాకును కోయడం, దాని దగ్గర వెల్డింగ్ చేయడం ప్రమాదం. పేలవచ్చు.

వాగు దాటాక

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు ఎన్నో ఊళ్ల దారులు నీట మునిగాయి. అంత వరద రాని ఏళ్లలోనూ వానాకాలమంతా వాగులు దాటడం మనకు తప్పదు. నీళ్ల కంటే రాడ్డు మీద ఎండిపోయిన ఒండ్రు మట్టే ఎక్కువ చెరుపు. షాకు కదిలినప్పుడల్లా గరుకు కాగితంలా సీలును గీకుతుంది. ఇల్లు చేరగానే రెండు బిందెల నీళ్లతో షాకులు, కమాన్లు కడగాలి. మొరం అలల మీద వేగం తగ్గించాలి. దూరం ఎక్కువైతే మధ్యలో పావుగంట ఆపితే షాకులు చల్లారతాయి.

కిరాయి బండి అయినా సరే

రెండు మూడు ఎకరాల రైతుకు సొంత బండి ఉండదు. నలుగురు కలిసి కిరాయికి మాట్లాడుకుంటారు. అయినా బస్తాలు ఎక్కించే ముందు ఐదు నిమిషాలు బండి కిందికి వంగి చూసే హక్కు మనకుంది. నూనె కారుతున్నదా, టైరు గుంతలుగా అరిగిందా, కమాను పట్టీ విరిగిందా, నాలుగు షాకులూ అసలు ఉన్నాయా? కొన్ని బండ్లకు విరిగినవి తీసేసి అలాగే నడుపుతుంటారు. అటువంటి బండికి కిరాయి వంద తగ్గినా వద్దనాలి.

మిర్చి కోతకు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే కూలీలను సరుకు బండ్లలో నిలబెట్టి తోలుకురావడం ఏటా చూస్తున్నాం. సరుకు బండిలో మనుషులను ఎక్కించడమే చట్టానికి విరుద్ధం. అందులోనూ షాకులు పోయిన బండి గుంతలో ఎగిరితే చక్రానికి నేల పట్టు ఉండదు, బ్రేకు వేసినా ఆగదు. మన చేను కోయడానికి వచ్చిన మనిషి తిరిగి తన ఊరు చేరాలి. బస్తాకు పాటలో ఎంత పలికిందనే లెక్క ఆ తర్వాతే.