కన్నీటి కుండల యూరు: కోసివ్

ఉక్రెయిను దేశపు నైరృతి మూలను, కార్పాథియను కొండలు మొదలగుచోట, కోసివ్ అను చిన్న పట్టణ మొకటి కలదు. అందలి జనసంఖ్య ఎనిమిది తొమ్మిది వేలకు మించదు. రిబ్నిత్స యను కొండయేరు దానిగుండ పారుచున్నది. రైలుమార్గ మచ్చటికి లేదు. ల్వివ్ నగరమున రైలెక్కి, కొలొమియాలో దిగి, అచ్చటినుండి చిన్న మోటారుబస్సులో సుమారు 35 కిలోమీటర్లు పోవలయును. బస్సు త్రోవలోని పల్లెలన్నిటను ఆగును. బుట్టలతోను సంచులతోను స్త్రీలు ఎక్కుచుందురు, దిగుచుందురు. ఒక్కపూటలో చూచి మరలవలెనని వచ్చినవారికి ఈ ప్రయాణమే విసుగు పుట్టించును. నాలుగైదు దినములైనను ఆ యూర నిలువ దలచినవారికి ఆ విసుగు బస్సులోనే తీరిపోవును.

ఇప్పుడు పయనమై పొండని చదువరులను ప్రోత్సహించుట నా యుద్దేశము కాదు. 2014లో క్రిమియాను ఆక్రమించిన రష్యా, 2022 ఫిబ్రవరి 24వ తేదీన ఉక్రెయిను దేశమంతటిమీదికి దండెత్తెను. ఆనాడే అచ్చటి ఆకాశమార్గము పౌరవిమానములకు మూయబడినది. కోసివ్‌నకు ఇంచుమించు వంద కిలోమీటర్లలోపు దూరములోనున్న చెర్నివ్‌త్సి, ఇవానో-ఫ్రాంకివ్‌స్క్ నగరములలో వైద్యవిద్య నభ్యసించుచుండిన మన దేశపు బిడ్డలు, వారిలో తెలుగువారు, ఆ చలిలో సరిహద్దులు దాటి రుమేనియా మొదలగు దేశములు చేరి యింటికి వచ్చిన సంగతి మన గృహములలో ఇంకను మఱపునకు రాలేదు. ఆ బిడ్డల తల్లులు పటములో వెదకిన యూళ్ల ప్రక్కనే ఈ యూరును గలదు. యుద్ధవార్తలలో పేరు వినబడిన దేశమున సామాన్యజనులు ఏమి వండుకొందురో, ఏమి నేయుదురో, వారి యిండ్లు ఎట్లుండునో తెలిసికొనగోరు స్త్రీలు మనలో ఎందరో కలరని తలచి దీనిని వ్రాయుచున్నాను.

కోసివ్ పేరు చెప్పగానే ఆ దేశమువారికి తోచునవి కుండలు. కుండలనగా మన కుమ్మరివీధి యెఱ్ఱకుండలు కావు. గిన్నెలు, పళ్లెరములు, కూజాలు, దీపస్తంభములు, పొయ్యికి తాపడము చేయు పలకలు. వీనిమీద మూడే వన్నెలు: ఆకుపచ్చ, పసుపుపచ్చ, గోధుమవన్నె. తెల్లని నేలమీద ఈ మూడు వన్నెలతోనే పువ్వులు, పక్షులు, లేళ్లు, గుఱ్ఱపురౌతులు, ఇంటిపనులలోనున్న మనుష్యులు చిత్రింపబడుదురు. నీలి కాని, యెఱుపు కాని కోరువారు మఱియొక యూరు చూచుకొనవలసినదే. 2019వ సంవత్సరమున యునెస్కోవారు ఈ కళను మానవజాతి సాంస్కృతిక సంపదల పట్టికలో చేర్చిరి.

దీనిని చేయు విధము చెప్పుదును. ఆ ప్రాంతమున దొరకు బూడిదవన్నె బంకమట్టిని మర్దించి సారెమీద పాత్రను లేపుదురు. అది నీడను కొంత ఆరిన తరువాత పలుచని తెల్లమట్టి పూత పూయుదురు. పూత తడియారగానే, మన పూర్వులు తాటియాకులమీద వ్రాసిన గంటము వంటి లోహపు మొనతో బొమ్మను గీయుదురు. మొన తగిలినచోట తెలుపు తొలగి క్రిందనున్న ముదురుమట్టి గీతగా బయటపడును. కాగితముమీద గీసిన గీత నచ్చనిచో తుడిచివేయవచ్చును. ఇచ్చట ఒకమాఱు గీచిన గీత గీచినదే. పిమ్మట పాత్రను పూర్తిగా ఆరనిచ్చి ఆవములో కాల్తురు. కాలి చల్లారిన పాత్రకు లోహభస్మములతో రంగులు వేయుదురు. ఆకుపచ్చ రాగివలన వచ్చును. ఆపైని గాజుపూత పోసి మరల కాల్తురు. ఈ రెండవ కాల్పులో గాజు కరగి ప్రవహించునప్పుడు రాగిపచ్చ దానితోకూడ గీత దాటి జారును. పువ్వు రేకు చివర నొక బొట్టు, లేడి కాలిక్రింద నొక చాఱ నిలిచిపోవును. ఈ జాఱుడుచేతనే ఆ పాత్రలకు కన్నీటి పాత్రలని యొక ముద్దుపేరు కలిగినది. తప్పుగా దిగిన రంగని క్రొత్తవారు పొరబడుదురు. గీతలు దాటని రంగుగల పాత్రను చూచినచో నేనైతే కొంచెము సందేహించెదను.

మట్టిముద్ద సారె నెక్కిన దినము మొదలు పాత్ర కొనువారి చేతికి వచ్చులోపల వారములు గడచును. వాన పట్టినచో ఆరుట మఱింత ఆలస్యము. మోటారులో వచ్చి రెండు గంటలుండి పోవు యాత్రికుడు అంగడిలో సిద్ధమైన పళ్లెరము నొకదానిని చూచును. ఐదారు దినములు నిలిచినవాడు మాత్రము సోమవారము పూత పూసిన గిన్నె గురువారము గీతలతో నిలిచియుండుట చూడగలడు. నిదానముగా తిరుగవలెనని ఈ మధ్య కొందరు యాత్రికులు దానినొక వ్రతముగా చెప్పుకొనుచున్నారు. కోసివ్‌లో అది వ్రతము కాదు. మట్టి ఆరు వేళ అంతే.

ఈ పనివారిలో మిక్కిలి ప్రసిద్ధుడు ఒలెక్సా బఖ్మత్యుక్ (1820-1882). ఆయన పేరు పాత్రలకంటె పొయ్యి పలకలవలన నిలిచినది. ఆ కొండసీమలో చలికాలము దీర్ఘము. ఇంటిలో మూలనుండు పెద్దపొయ్యి వంట చేయును, గదిని వెచ్చబఱచును. అట్టి పొయ్యికి ముఖముగా చతురస్రపు పలకలు పొదుగుదురు. బఖ్మత్యుక్ ఒక్కొక్క పలకమీద ఒక్కొక్క బొమ్మను గీసెను: సైనికులు, వేటగాండ్రు, పునీతులు, దేవాలయములు, మృగములు, పక్షులు. చలిరాత్రి పొయ్యిచుట్టు జేరిన పిల్లలకు అవి బొమ్మల పుస్తకముగా నుండెడివని వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ పలకలు నేడు కొలొమియా, ల్వివ్ మొదలగు పట్టణముల ప్రదర్శనశాలలలో నున్నవి. కోసివ్‌లోని హుత్సుల్ జానపదకళల ప్రదర్శనశాలలోను ఈ కళను చూడవచ్చును. హుత్సులులనగా ఆ కొండలలో గొఱ్ఱెల మందలతోను అడవిపనులతోను జీవించు ఉక్రెయిను జనులు.

కుమ్మరియిండ్లలో చాల తావుల సారె పురుషునిది, గంటము స్త్రీది. పావ్‌లీనా త్స్విలిక్ (1891-1964) చరిత్రము దీనికి నిదర్శనము. భర్త పాత్రలు లేపగా ఆమె వానిని చిత్రించెడిది. నేడు కోసివ్ కళ యనగానే బఖ్మత్యుక్ తరువాత చెప్పబడు పేరు ఆమెదే. సారెపై చేసినవాని పేరు మరుగునబడి, గీత గీచిన ఇల్లాలి పేరు నిలుచుట లోకమున తఱచుగా జరుగునది కాదు. 1882లో నేతబడిగా ప్రారంభమైన పాఠశాల క్రమముగా పెరిగి నేడు కళాశాలగా నున్నది. మృణ్మయపాత్రలు, నేత, కఱ్ఱచెక్కడము, తోలుపని, లోహపుపని అందు నేర్పుదురు. ఊరి బాలికలు పట్నములు పోకయే ఇచ్చట చదువుకొనవచ్చును.

శనివారమునాడు సంత. తెల్లవాఱకముందే మొదలై మధ్యాహ్నమునకు చెదరిపోవును. పదిగంటలకు నిద్రలేచి పోవువారికి మిగులునవి కట్టిన మూటలే. కుట్టుపని చేసిన రవికలు, పూసలహారములు, ఉన్ని మేజోళ్లు, కఱ్ఱచెంచాలు, తోలుపట్టెడలు వరుసలుగా నుండును. వానిప్రక్కనే యెక్కడెక్కడినో యంత్రములలో చేసిన సరకును అదే ధీమాతో అమ్ముచుందురు. సంతలో అన్నియు ప్రాచీనములే యని నమ్ముట వెఱ్ఱి. అన్నియు మోసమే యనుకొనుట అంతకంటె వెఱ్ఱి. కుట్టుపని తెలిసిన స్త్రీ వస్త్రమును తిరుగవేసి వెనుకవైపు చూచును. ఈ పరీక్షకు భాష అక్కఱలేదు.

సంతలో కొనదగిన వానిలో బరువైనది లీజ్నిక్ అను ఉన్నిదుప్పటి. దీనికి పేరుగన్న యావొరివ్ గ్రామము కోసివ్‌నకు సమీపముననే కలదు. మన కురుమలు నేయు గొంగళివలె నిదియు గొఱ్ఱెయున్నితోడిదే, కాని నేత ముగిసినంతమాత్రాన పని ముగియదు. కొండయేటి నీటిని తొట్టిగుండ మళ్లించి, ఆ జలము బలముగా పడుచోట కఱ్ఱలతో గుండ్రని గుంట కట్టుదురు. దుప్పటి నందు వేసినచో నీటి సుడిలో గంటలకొలది తిరిగి తిరిగి, నూలు ముడుచుకొని, వెండ్రుకలు చిక్కుపడి, దళసరియై మెత్తబడును. పిమ్మట ఎండలో నారవేసి దువ్వుదురు. నేతగత్తెకు ఏరే తోడిపనికత్తె. వేసవిలో నీరు తగ్గినచో పని నిలుచును, దానికెవ్వరును నొచ్చుకొనరు.

భోజనము మాట కొంచెము. కొండవారి ప్రధానాహారము మొక్కజొన్నపిండి. దానిని నీటిలో గట్టిగా నుడికించినచో కులేష. మన సంకటికి చుట్టమే. నీటికి మాఱుగా పులిసిన మీగడలో నుడికించినచో బానుష్. కఱ్ఱగరిటెతో విడువక కలియబెట్టుచుండగా మీగడ నేయి వదలి పైకి తేలును. అప్పుడు దింపి, గొఱ్ఱెపాలతో చేసిన ఉప్పని జున్ను చిదిమి పైని చల్లుదురు. సాధారణముగా పందిక్రొవ్వు వేపుడుముక్కలు గూడ వేయుదురు గనుక, శాకాహారులు ముందుగానే చెప్పి పుట్టగొడుగులతో చేయించుకొనవలెను. ఎఱ్ఱని బీటుదుంపలతో కాచు బోర్ష్ చారు అన్ని యిండ్లలోను కలదు. ఆ వంట సంప్రదాయమును యునెస్కోవారు 2022 జూలైలో, యుద్ధమువలన ప్రమాదమున నున్నదని, వెంటనే కాపాడవలసిన వాని పట్టికలో చేర్చిరి. వంటగత్తెలు ఇల్లు విడిచి పాఱిపోయినప్పుడు వంట మిగులునా యను ప్రశ్న ఆ నిర్ణయము వెనుక నుండెను.

ఈస్టరు పండుగకు ముందు పోయినవారు పిసాంక యను చిత్రిత గ్రుడ్లు వ్రాయుట చూడగలరు. కరగిన మైనముతో గీతలు గీసి, రంగులో ముంచి, మరల మైనము పెట్టి, మరల ముంచుదురు. కలంకారీలో మైనము పెట్టి రంగు తగులకుండ చేయు పద్ధతియే. సమీపమందలి కోస్మచ్ గ్రామము వీనికి ప్రసిద్ధము. లోకములో దుష్టశక్తి గొలుసులతో బంధింపబడియున్నదనియు, పిసాంకలు వ్రాయువారున్నంతకాలము ఆ గొలుసులు బిగిసియుండుననియు హుత్సులుల కథ. ఏటేట తరుణులకు, బాలికలకు ఇంటి పెద్దవారు గంటముతోపాటు ఈ కథను గూడ అప్పగించుదురు.

ఊరిపై కొండవాలున యూదుల శ్మశానము కలదు. సంతకు వచ్చినవారిలో అచ్చటికి పోవువారు తక్కువ. రెండవ మహాయుద్ధమునకు పూర్వము కోసివ్ జనులలో ఇంచుమించు సగముమంది యూదులు. వర్తకము, వృత్తిపనులు వారి చేతిలో నుండెడివి. 1941 అక్టోబరు 16, 17 తేదీలలో జర్మనులు వారిలో రెండువేలమందికి పైగా కొండమీద కాల్చి చంపిరి. మిగిలినవారిలో అనేకులను 1942లో బెల్జెట్స్ మారణశిబిరమునకు పంపివేసిరి. శ్మశానములో వ్రాలిన రాళ్లు, గడ్డిలో మునిగిన రాళ్లు ఉన్నవి. యూదుల ఆచారమున స్త్రీ సమాధిరాతిమీద దీపస్తంభము చెక్కుట కలదు. శుక్రవార సాయంకాలమున ఇంటిలో దీపము వెలిగించు విధి ఇల్లాలిదగుటచే ఆ గుర్తు. అక్షరములు చదువరాని పరదేశ స్త్రీకి గూడ ఏది స్త్రీ సమాధియో దానివలన తెలియును. ఒక్క శనివారపు సంత చూచి పోయినవారికి ఈ యూరు నవ్వుచున్న యూరు. కొండెక్కినవారికి, సంతలోని జనమును మరల చూచునప్పుడు, ఆ జనములో ఎవరు లేరో తోచును.

2022 మార్చిలో దేశాధ్యక్షుడు ప్రతిదినము ఉదయము 9 గంటలకు యుద్ధమున మరణించినవారికై ఒక నిమిషము మౌనము పాటింపవలెనని ఆదేశించెను. తూర్పు ప్రాంతములనుండి ఇల్లు విడిచి వచ్చినవారు ఈ పశ్చిమపు కొండయూళ్లలో ఎందరో తలదాచుకొనిరి. దేశమందలి ఊరూర స్త్రీలు పాతగుడ్డలు పీలికలు చేసి సైనికులకు మఱుగు వలలు అల్లిరి. నేతకు పేరుగన్న సీమలో ఆ చేతులకు క్రొత్తగా నేర్పవలసినది స్వల్పమే.

ఎప్పుడైనను కోసివ్ పాత్ర మీ చేతికి వచ్చినచో ఒకమాట. పూర్వకాలపు గాజుపూతలలో సీసము కలియుచుండెడిది. కావున ప్రాతపాత్రను గోడకు తగిలించుకొనవచ్చును గాని, చింతపండు పులుసు, నిమ్మకాయ పచ్చడి దానిలో నుంచరాదు. క్రొత్తది కొనునప్పుడు భోజనమునకు పనికివచ్చునా యని అమ్మకందారును స్పష్టముగా నడుగవలెను. మంచి పనివారు దాపరికము లేక చెప్పుదురు. పగులు కలదేమోయని వ్రేలి గణుపుతో తట్టి వినుట మన స్త్రీలకెవ్వరును నేర్పనక్కఱలేదు. ఖంగుమన్నచో బేరమాడుడు, బొద్దుగా పలికినచో దించి ప్రక్కదానిని తీసికొనుడు.