ఇంటర్నెట్టు సమూలముగ నాగునా?

ప్రపంచమునందలి ఇంటర్నెట్టు నంతటిని ఒక్క దెబ్బతో నాపివేయవచ్చునా యని పలువురు ప్రశ్నించుచున్నారు. పదుమూడు మూలసర్వర్లను కూల్చిన చాలునను మాట పొరపాటు. పేర్లు పదుమూడే యైనను వాని ప్రతులు వేయికి పైగా దేశదేశములయందు నెలకొనియున్నవి. ఒక త్రోవ మూసికొనిపోయినచో సమాచారము వేఱొక త్రోవను వెదకికొనును. కట్టివేయుటకు ఇది యొక్క తూము గల చెఱువు గాదు.

అయినను, ఒక్కొక్క దేశమునకు తూములు కొలదియే. 2011 మార్చిలో జార్జియాదేశమున నొక వృద్ధురాలి పారపోటునకు తీగ తెగినదనియు, అందుచే పొరుగున నున్న ఆర్మీనియా కొన్ని గంటలపాటు మూగవోయినదనియు అధికారులు ప్రకటించిరి. అది ప్రమాదము. అంతకు రెండు నెలలముందు ఈజిప్టులో జరిగినది ఆజ్ఞ. ప్రజలు వీథులకెక్కగా, జనవరి 27వ తేదీ అర్ధరాత్రి దాటగనే ముబారకు ప్రభుత్వము దేశమును ప్రపంచమునుండి వేఱుచేసెను. తీగలు తెంపుట యవసరము లేకపోయినది. కొలది కంపెనీలకు ఉత్తరువందినది; తమ చిరునామాలకు దారి దెలుపు ప్రకటనలను అవి యుపసంహరించుకొనినవి. స్టాకు ఎక్స్ఛేంజి వాడుకొను కంపెనీ యొకటి మాత్రము మఱి కొన్ని దినములు నడచెను. ధనమునకు గల గౌరవ మట్టిది! ఫిబ్రవరి 2న సంబంధము పునరుద్ధరింపబడెను. 11న ముబారకు పదవి వీడెను.

మనదేశమున 2019 ఆగస్టులో జమ్ముకాశ్మీరమునందు ఇంటర్నెట్టు నిలుపబడినది. కాలపరిమితి లేని నిలుపుదల చెల్లదని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న తీర్పు చెప్పెను. వేగముగల 4జి మొబైలు సౌకర్యము అచ్చటి వారందఱకును తిరిగి లభించినది 2021 ఫిబ్రవరిలో.