వంత పాడటం తక్కువేం కాదు!

"ఆయన ఏమంటే ఈవిడ దానికి వంత పాడుతుంది" అంటుంటాం కదా! మన వాడుకలో వంత పాడటమంటే సొంత బుర్ర లేకపోవడమన్నమాట. కానీ బుర్రకథ చూసిన వాళ్ళనడగండి... కథకుడికి అటూ ఇటూ నిలబడే ఆ ఇద్దరూ లేకపోతే కథ ముందుకు నడుస్తుందా? ఒకరు హాస్యం పండిస్తారు. ఇంకొకరు లోకం పోకడ మీద చురక వేస్తారు. కథకుడు కాస్త ఊపిరి పీల్చుకునేది కూడా ఆ వంతల చలవతోనే.

ఆడవాళ్ళం మనం పుట్టింట్లో ఉన్నప్పుడు ఎన్నో పాటలు పాడతాం. పెళ్ళి చూపుల్లో కూడా "ఒక పాట పాడమ్మా" అని అడిగించుకున్న వాళ్ళున్నారు. ఆ తర్వాత? పాపకు జోలపాట, ఆ తర్వాత అదీ లేదు. ఒంటరిగా పాడాలంటే సిగ్గు. పదిమందిలో పాడాలంటే భయం. మరి పదిమందితో 'కలిసి' పాడితే? సిగ్గూ ఉండదు, భయమూ ఉండదు. దీన్నే మనం బృందగానం అంటాం. ఇంగ్లీషు వాళ్ళు క్వయర్ అంటారు. అక్కడ దీన్నొక పెద్ద విద్యగా నేర్చుకుంటారు, టిక్కెట్లు కొనుక్కుని మరీ వింటారు.

కండక్టరంటే బస్సులోనే కాదు!

కండక్టరు అనగానే మనకు భుజాన సంచీతో టిక్కెట్లు కొట్టే మనిషే గుర్తొస్తారు. క్వయర్‌లోనూ ఒక కండక్టర్ ఉంటారు. ఆయన లేక ఆవిడ పాడరు. పాడేవాళ్ళకు ఎదురుగా, మనకు వీపు పెట్టి నిలబడతారు. మామూలుగా కుడిచెయ్యి తాళం చూపిస్తుంది. ఎడమచెయ్యి ఎవరు అందుకోవాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆపాలో చెబుతుంది. పాట మొదలయ్యే ముందు ఆవిడ ఊపిరి పీల్చుకుంటే ఎదురుగా ఉన్న యాభైమందీ పీల్చుకుంటారు.

పేరున్న క్వయర్లు అప్పుడప్పుడూ బయటి కండక్టర్లను అతిథులుగా పిలుస్తాయి. అదే పాట, అవే గొంతులు. అయినా నడిపించే మనిషి మారితే పాట నడకే మారిపోతుంది. ఒకే కందిపప్పుతో నాలుగిళ్ళలో నాలుగు రుచుల పప్పుచారు కాయడం లేదూ, అలాగన్నమాట!

ఈ పీఠం కూడా ఆడవాళ్ళకు తేలిగ్గా దొరకలేదండోయ్. లండన్‌లోని రాయల్ ఫిల్హార్మోనిక్ సొసైటీ కచేరీలో తొలిసారి ఒక మహిళ, ఫ్రాన్సుకు చెందిన నాడియా బులాంజే, వాద్యబృందాన్ని నడిపించింది 1937లో. అదే లండన్‌లో జరిగే ప్రామ్స్ సంగీతోత్సవం ఆఖరి రాత్రి కచేరీని నడిపించే అవకాశం మహిళకు (అమెరికాకు చెందిన మరిన్ ఆల్సప్) దక్కడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది!

మగగొంతు కాదమ్మా... ఆల్టో!

చిన్నప్పుడు నాకు పాట నేర్పిన టీచరుగారొకరు నా గొంతు విని, "నీది మగగొంతమ్మా, నువ్వు తాళం వెయ్యి చాలు" అన్నారు. ఆ మాటతో పాటకు దూరమైన దాన్ని నేనొక్కదాన్నే కాదని ఇప్పుడు నాకు బాగా తెలుసు. మా జట్టులో పదిమంది ఉంటే అందులో నలుగురిది ఇదే కథ.

క్వయర్‌లో ఆ గొంతును ఎవరూ వెళ్ళగొట్టరు. అక్కడ గొంతులు నాలుగు రకాలు. ఆడవాళ్ళలో పైస్థాయి గొంతు సొప్రానో, కిందిస్థాయి గొంతు ఆల్టో. మగవాళ్ళలో పైది టెనార్, కిందిది బేస్. నాలుగు జట్లూ ఒకేసారి నాలుగు రకాల స్వరాలు పాడతాయి. అవి ఒకదానికొకటి అమరితే వచ్చే నిండుదనమే ఆ సంగీతం అందం. అంటే నాకు 'పనికిరాదు' అన్న గొంతు లేకపోతే అక్కడ పాటకు కాళ్ళే ఉండవన్నమాట!

మన సంగీతం దారి వేరు. మనది ఒకే శ్రుతి, ఒకే రాగం. అందరూ ఒకే స్వరం పట్టుకోవాలి. కర్ణాటక సంగీతంలో మగవాళ్ళు సాధారణంగా ఒకటి, రెండు శ్రుతుల్లో పాడతారు. ఆడవాళ్ళు అయిదు, అయిదున్నర దగ్గర పాడతారు. అందుకే ఆడా మగా కలిసి పాడినప్పుడు ఎవరో ఒకరు గొంతు బిగబట్టాల్సిందే. తప్పు గొంతులో లేదు, శ్రుతి ఎంపికలో ఉంది.

మన దగ్గర లేనిదా ఏంటి?

బృందగానం మనకు కొత్త అనుకుంటే పొరపాటే. తిరువయ్యూరులో త్యాగరాజస్వామి ఆరాధన రోజున వందల గొంతులు కలిసి పంచరత్న కీర్తనలు పాడతాయి. ఆ అయిదింటిలో నాలుగు మన తెలుగువే. కానీ ఒకప్పుడు అక్కడ పాడే హక్కు ఆడవాళ్ళకు లేదు. స్వామి సమాధి మీద తన సొంత డబ్బుతో గుడి కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మకే ఆ హక్కు లేకపోయింది! ఆవిడ ఊరుకుందా? 1927లో ఆడవాళ్ళతోనే వేరుగా ఆరాధన మొదలుపెట్టింది. 1940 ప్రాంతంలో వర్గాలన్నీ ఒక్కటయ్యాయి. అందరూ ఒక్క గొంతుగా పంచరత్నాలు పాడే పద్ధతి స్థిరపడింది ఆ తర్వాతే.

ఇక చర్చిల్లో చూడండి. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌధరి మన రాగాల్లోనే తెలుగు క్రైస్తవ కీర్తనలు రాశారు. ఇవాళ్టికీ ఆదివారం పూట ఊరూరా ఆడా మగా కలిసి వాటిని పాడుతూనే ఉన్నారు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, రేడియో అక్కయ్య కామేశ్వరిగారు 1940లో స్థాపించిన బాలానంద సంఘం ఎంతమంది పిల్లల చేత కలిసి పాడించిందో మన అమ్మమ్మలనడిగితే చెబుతారు.

చిత్తూరులో 1925లో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్‌గారి పేరు మనలో ఎక్కువమందికి తెలియదు. మలయాళ సినిమాలకు సంగీతం కట్టి పేరు తెచ్చుకున్న ఆయన మద్రాస్ యూత్ క్వయర్ స్థాపకుడు. సుబ్రహ్మణ్య భారతి కవితలకు బృందగానం బాణీలు కట్టారు. పాశ్చాత్యుల పద్ధతిలో వేర్వేరు స్వరాలను ఒకేసారి పలికిస్తూనే, పాట మన పాటలాగే వినిపించేలా చేశారు. ఆయన 1988లో పోయారు. కలకత్తాలో రుమా గుహఠాకుర్తా 1958లో స్థాపించిన యూత్ క్వయర్ కూడా ఇలాంటిదే. దాన్ని దశాబ్దాల పాటు నడిపించింది ఆవిడే.

రావిర్యాలలో మా పాట

రంగారెడ్డి జిల్లా రావిర్యాల అంటే నగరం వాళ్ళకు ఔటర్ రింగురోడ్డు దిగగానే కనిపించే వండర్‌లా గుర్తొస్తుంది. అది 2016లో వచ్చింది. 2023లో విజయ డెయిరీ పెద్ద ప్లాంటు మొదలైంది. చుట్టూ కొత్త ఇళ్ళు లేచాయి. ఎక్కడెక్కడి వాళ్ళమో పక్కపక్కన చేరాం. మా వీధిలోనే గోదావరి జిల్లా కోడలుంది, అనంతపురం అత్తగారుంది, కేరళ నర్సుంది. ఊళ్ళో తరతరాలుగా ఉన్న వాళ్ళు సరేసరి. ఇంతమందిమీ కలిసేది మాత్రం బతుకమ్మ రోజుల్లోనే.

అసలు బతుకమ్మను మించిన బృందగానం ఎక్కడుంది చెప్పండి! ఒకావిడ అందుకుంటుంది, మిగతావాళ్ళు 'ఉయ్యాలో' అంటూ వంత కలుపుతారు. చప్పట్లే తాళం, అడుగులే నడక. కానీ ఇప్పుడు బతుకమ్మ చుట్టూ ఏం వినిపిస్తోంది? డీజే డబ్బాలు! ఆ రికార్డు పాట ఎవరో గాయని గొంతుకు సరిపడే శ్రుతిలో ఉంటుంది. మన గొంతు అక్కడికి అందదు. అందినా ఆ హోరులో మన పాట మనకే వినబడదు. అందుకే చప్పట్లు మిగిలాయి, పాట పోయింది.

ఊళ్ళో డెబ్బై దాటిన అవ్వ ఒకావిడ ఉంది. ఒకప్పుడు ఆవిడ అందుకుంటే వాడ మొత్తం ఆడేదట. "పాడవేం అవ్వా?" అనడిగితే, "ఏం పాడాలె బిడ్డా, డబ్బాలొచ్చినంక మమ్ముల ఎవరడుగుతున్నరు? నా పాటలు నాతోనే పోతయ్" అంది. పక్కనే ఉన్న కోడలు ఉలిక్కిపడింది. పదిహేనేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నా, అత్తకు అన్ని పాటలు వచ్చని ఆమెకే తెలియదట!

ఆ మాటతోనే మేం ఆదివారం సాయంత్రాలు కూడటం మొదలుపెట్టాం. పదిమందిమే. టీచరంటూ ఎవరూ లేరు. ఒక్కో నెల ఒక్కరు నడిపించాలి, అంతే. మొదటి నెల అవ్వ. రెండో నెల చర్చిలో పాడే ఒక చెల్లెమ్మ. మూడో నెల రిటైరైన సంగీతం టీచరుగారు. నాలుగో నెల కేరళ నర్సు. చదువుకునే రోజుల్లో శ్రీనివాసన్‌గారి బృందగీతాలు పాడిన అమ్మాయి. ఇంతకంటే అతిథి కండక్టర్లు ఇంకెక్కడ దొరుకుతారు!

నాలుగు నెలలయ్యాక కమ్యూనిటీ హాల్లో చిన్న కార్యక్రమం పెట్టుకున్నాం. ఒక్కో పాటను ఒక్కొక్కరు నడిపించారు. అవ్వ చేతులూపలేదు. తల విసిరితే అందుకోవాలి, చప్పట్లు ఆపితే ఆపాలి. చర్చి చెల్లెమ్మ చూపుడువేలితో లెక్క చూపించింది. టీచరుగారు తొడ మీద ఆదితాళం వేశారు. నర్సమ్మ రెండు చేతులూ వాడింది. అవే పది గొంతులు... నాలుగు రకాలుగా వినిపించాయంటే నమ్మండి!

నర్సమ్మ పాటలో మేం రెండు జట్లయ్యాం. మొదటి జట్టు మొదలుపెట్టిన ఒక ఆవర్తం తర్వాత రెండో జట్టు అదే పాట అందుకోవాలి. సరిగ్గా సగంలో రెండు జట్లూ ఎక్కడో కలిసిపోయాయి. ఆమె నవ్వుతూ చెయ్యెత్తి ఆపి, మళ్ళీ మొదటినుంచి పాడించింది. రెండోసారి కుదిరింది. ఒక వరుస మీద ఇంకో వరుస అల్లుకుంటుంటే, జడలో పాయలు కలిసినట్టే అనిపించింది. వెనక వరుసలో కూర్చున్న ఒక భర్తగారు, "ఇంట్లో ఒక్కరి మాట ఇంకొకరు విననివాళ్ళు ఇక్కడెలా వింటున్నారో!" అన్నారట. ఒకరినొకరు వింటేనే ఈ పాట కుదిరేది మరి!

ఇప్పుడు అవ్వ పాటలన్నీ కోడలు ఫోనులో రికార్డు చేస్తోంది. నోటుబుక్కులో రాసుకుంటోంది కూడా. నలభై దాటాయట, ఇంకా అవ్వ సంచీ ఖాళీ కాలేదు.

కొత్త పాటలూ కావాలి

పాతవి దాచుకుంటే చాలదు, కొత్తవీ పుట్టాలి. తెలంగాణ ఉద్యమంలో జనం నోళ్ళలో నలిగిన అందెశ్రీ పాట 2024లో రాష్ట్ర గీతమైంది. బతుకమ్మకు 2021లో ఏ.ఆర్. రెహమాన్ కూడా పాట కట్టారు. బయటి దేశాల్లో క్వయర్ల కోసమే కొత్త రచనలు వస్తున్నాయి. ఎనిమిది గొంతుల కోసం కరొలైన్ షా రాసిన రచనలో పాటతో పాటు మాటలు, గుసగుసలు, ఊపిరి చప్పుడు కూడా సంగీతమే. దానికి 2013లో పులిట్జర్ బహుమతి వచ్చేటప్పటికి ఆమెకు 30 ఏళ్ళే! భారతీయ మూలాలున్న రీనా ఇస్మాయిల్ మన తబలా బోల్స్‌నే క్వయర్ పాటగా మలిచింది. అది కూడా లాస్ ఏంజెల్స్‌లో నిలువ నీడలేని వాళ్ళతో ఏర్పడిన క్వయర్ కోసం!

కలిసి పాడితే మనసుకే కాదు, ఒంటికీ ఏదో జరుగుతుంది. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో గమనించిందేమంటే, కలిసి పాడేవాళ్ళ గుండె వేగం ఒకేసారి పెరుగుతూ, ఒకేసారి తగ్గుతూ ఉందట. ఊపిరి ఒకే లెక్కన తీసుకుంటారు కదా, అదే కారణం.

మీరూ మొదలుపెట్టాలంటే...

* ఆరుగురు చాలు. బాగా పాడేవాళ్ళ కోసం వెతకొద్దు. వచ్చేవాళ్ళను రానివ్వండి.

* శ్రుతి పెట్టేటప్పుడు అందరికంటే కిందిస్థాయి గొంతునూ, పైస్థాయి గొంతునూ అడగండి. ఇద్దరికీ ఇబ్బంది లేనిచోట మొదలుపెట్టండి. ఫోనులో తంబూరా శ్రుతి దొరుకుతుంది.

* బాగా కిందిస్థాయి గొంతు ఉన్నవాళ్ళు 'సా' పట్టుకుని నిలిస్తే చాలు, పాటకు పునాది పడినట్టే.

* నడిపించే మనిషిని మారుస్తూ ఉండండి. అత్తగారినీ, పనిమనిషినీ, పదో తరగతి పిల్లనూ పిలవండి. వాళ్ళు నడిపిస్తున్నంతసేపూ వాళ్ళ మాటే చెల్లాలి.

* నెలకొక కొత్త పాట. మీలో ఎవరో ఒకరు రాసినదైతే మరీ మంచిది.

* గొంతు నొప్పి పుడితే ఆపెయ్యండి. అరవడం పాడటం కాదు. నొప్పి వారాల తరబడి ఉంటే డాక్టరుకు చూపించుకోండి.

అన్నట్టు, ఈసారి బతుకమ్మకు మీ వాడలో ఒక్క అరగంట డీజే ఆపించి చూడండి. ముందు అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. పర్లేదు, చూసుకోనివ్వండి. కాసేపటికి ఏ మూల నుంచో ఒక పెద్దావిడ అందుకుంటుంది. ఆవిడకు వంత పాడటానికి మీరు సిద్ధంగా ఉంటే చాలు!