బ్రేకు వెనక పెట్టెలోనూ ఉంటుంది!

హీరో ఎవరయ్యా అంటే పోస్టరు మీద ఎవరి బొమ్మ పెద్దగా ఉంటే వారే అంటాం. మరి రైలుబండికి హీరో ఎవరు? ఇంజను నడిపే డ్రైవరే! అందులో అనుమానం ఏముంది?

ఈ మాట సికింద్రాబాదు మెట్టుగూడలో అని చూడండి. రైల్వే క్వార్టర్లూ, రైల్వే కుటుంబాలూ ఉన్న పేట అది. పక్కనే లాలాగూడ వర్క్‌షాపు. నిజాం కాలంలో, 1893లో పెట్టింది. అక్కడ స్కూలు పిల్లవాడు కూడా "మరి గార్డు సంగతో?" అని నిలదీస్తాడు.

నిజమే మరి! బండి నడిపేది ముందున్న డ్రైవరే. కానీ చిట్టచివరి పెట్టెలో ఉన్న గార్డు చేతిలోనూ ఒక బ్రేకు ఉంటుంది. ప్రమాదం కనిపిస్తే ఆయన ఎవరి పర్మిషనూ అడగక్కర్లేదు. బండి ఆపేయొచ్చు. ఆ గార్డుకే 2022 జనవరిలో రైల్వేవారు కొత్త పేరు పెట్టారు. ఏమని? 'ట్రెయిన్ మేనేజర్' అని! మేనేజరంటే అందరికన్నా ముందు నిలబడి కేకలేసేవాడని అనుకునేవారికి ఇదో చిన్న చురక.

ఇంజనులో ఇంకో ముచ్చట. సిగ్నలు కనపడగానే అసిస్టెంటు దాని రంగు పైకి చెబుతాడు. డ్రైవరు అదే మాట తిరిగి చెబుతాడు. ఇద్దరికీ కళ్ళున్నాయి, ఇద్దరికీ కనపడుతూనే ఉంది. అయినా నోరు విప్పాల్సిందే. అది రూలు! చిన్నవాడు పెద్దవాడికి చెప్పడం అక్కడ తలబిరుసుతనం కాదు, డ్యూటీ.

సినిమా పత్రికలో ఈ రైలు గోలేమిటంటారా? అక్కడికే వస్తున్నా. మెట్టుగూడ చుట్టుపక్కలే, తార్నాక రోడ్డులో, సిగ్నలు ఇంజనీర్లకు పాఠాలు చెప్పే రైల్వే సంస్థ 'ఇరిసెట్' ఉంది. అది పుట్టింది 1957లో. విజయావారి 'మాయాబజార్' విడుదలైందీ ఆ ఏడాదే! రెంటికీ చుట్టరికం లేదు గానీ, పోలిక మాత్రం ఉంది.

స్టాప్‌వాచీ డైరెక్టరు

'మాయాబజార్' అనగానే మనకు ఘటోత్కచుడి గదా, వివాహభోజనమూ గుర్తొస్తాయి. మద్రాసు వాహినీ స్టూడియోలో ఆ సినిమా కోసం చెమటోడ్చిన లైటు మనుషులు, వడ్రంగులు, పెయింటర్లు సుమారు 400 మంది ఉన్నారంటే ఎవరికి గుర్తు? ద్వారకానగరం చూపించే ఒక్క షాటు కోసం 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పున్న చోట దాదాపు 300 బుల్లి ఇళ్ళు కట్టారు. కళాదర్శకులు గోఖలే, కళాధర్‌లు. వెలుగునీడలు చూసుకున్నది ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే.

ఇంతమందిని నడిపించిన దర్శకుడు కె.వి.రెడ్డిగారి చేతిలో కొరడా లేదు, స్టాప్‌వాచీ ఉంది! రిహార్సల్సు దగ్గరే ఏ సీను ఎంతసేపు వస్తుందో, ఏ పాటకు ఎంత ఫిల్ము పడుతుందో లెక్క తేల్చుకునేవారు. తీరా సెట్టు మీదికి వచ్చేసరికి ఎవరి పని ఏమిటో వాళ్ళకు తెలిసిపోయి ఉండేది.

ఇందులో గొప్పేమిటంటారా? లెక్క ముందే తేలిపోతే సెట్లో కంగారు తగ్గుతుంది. కంగారు తగ్గితే కేకలు తగ్గుతాయి. డైరెక్టరు ఇంటిదగ్గర చెయ్యాల్సిన ఆలోచన చెయ్యకుండా వచ్చాడనుకోండి. ఆ భారం ఎవరి నెత్తిన పడుతుంది? పైన పరంజా మీద లైటు పట్టుకుని కూర్చున్న కుర్రాడి నెత్తిన! తన పని తాను చేసుకురావడమే నాయకుడు తనవాళ్ళకిచ్చే మొదటి మర్యాద.

అన్నట్టు, ఆ రోజుల్లో కె.వి.రెడ్డిగారి దగ్గర పని నేర్చుకున్న సహాయకుల్లో ఒకరు సింగీతం శ్రీనివాసరావు. తర్వాత 'పుష్పక విమానం', 'ఆదిత్య 369' తీసింది ఆయనే. మంచి టీము లీడరు సినిమాలే కాదు, మరో లీడరుని కూడా తయారుచేసి వెళతాడు.

"మార్చెయ్యండి" అన్నారు... మార్చలేదు!

1965లో ఆదుర్తి సుబ్బారావు 'తేనె మనసులు' తీశారు. అంతా కొత్తవాళ్ళే. రషెస్ చూసిన కొందరు పెదవి విరిచారు. ఒక కొత్త కుర్రాణ్ణి మార్చెయ్యమని సలహా కూడా ఇచ్చారు. ఆదుర్తి ససేమిరా అన్నారు. ఎంచుకున్నది తనైనప్పుడు తీర్చిదిద్దాల్సిందీ తనే కదా!

ఆ కుర్రాడెవరో చెప్పక్కర్లేదనుకుంటా. సూపర్‌స్టార్ కృష్ణ! ఆ రోజు ఆదుర్తి "సరే, మీ ఇష్టం" అని ఉంటే మన చిత్రసీమ కథే వేరుగా ఉండేది. వేలెత్తి చూపినప్పుడు తనవాడి ముందు నిలబడటం... ఇది రెండో మర్యాద.

బ్రేకు లేని సెట్టు

అన్నీ తీపి కబుర్లేనా? కాదు. 2020 ఫిబ్రవరి 19 రాత్రి చెన్నై దగ్గర 'ఇండియన్ 2' సెట్లో లైట్లున్న పెద్ద క్రేను కూలి ముగ్గురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఏ సెట్లోనైనా సరే, "అయ్యా, ఇది ప్రమాదంగా ఉంది, ఆపండి" అనే హక్కు చిట్టచివరి మనిషికి ఉందా లేదా అన్నదే ఇక్కడ ప్రశ్న. రైల్లో ఉంది. మన సెట్లలో?

ఆడపిల్లల సంగతి మరీ ముఖ్యం. పరిశ్రమలో వేధింపుల మీద తెలంగాణ ప్రభుత్వం 2019లో ఒక కమిటీ వేసింది. 2022లో నివేదిక చేతికొచ్చింది. 2024 ఆగస్టులో, కేరళలో హేమ కమిటీ నివేదిక బయటపడ్డాక, మన నివేదికనూ బయటపెట్టమని సమంత అడగాల్సివచ్చింది. చెప్పుకునేందుకు నోరుంటే చాలదు, వినేందుకు చెవి కూడా ఉండాలి!

ఇక 2025 ఆగస్టు. వేతనాలు 30 శాతం పెంచమని సినీ కార్మికులు పనులు ఆపేశారు. 18 రోజులు షూటింగులు లేవు. చివరకు మూడేళ్ళలో 22.5 శాతం పెంచేలా రాజీ కుదిరింది. చిన్న బ్రేకును వినకపోతే ఏదో ఒకరోజు బండి మొత్తం ఆగుతుందన్నమాట.

రేపటి డైరెక్టరు మీరే

మెట్టుగూడకు మెట్రో వచ్చింది 2017 నవంబరులో. ఇప్పుడు అక్కడ ఎక్కిన కుర్రాళ్ళూ, అమ్మాయిలూ సారథి స్టూడియో ఉన్న అమీర్‌పేట దాటి రాయదుర్గం ఆఫీసుల దాకా ఒకే బండిలో వెళుతున్నారు. మీలో కొందరిది మొదటి ఉద్యోగం. కొందరు స్నేహితులతో షార్ట్ ఫిలిం తీస్తూ ఉండొచ్చు. కొద్దిరోజులకు మీ కింద కూడా నలుగురు ఉంటారు. అప్పుడు మీరే డైరెక్టరు!

అంచేత ఇప్పుడే చూసి పెట్టుకోండి. మీ చోట పొరపాటు జరిగితే మొదట అడిగే ప్రశ్న "ఎవరు చేశారు?" అనా, "ఎలా జరిగింది?" అనా? కొత్తగా చేరిన పిల్ల మీటింగులో నోరు విప్పితే నవ్వుతారా, వింటారా? పదిమంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండి తీరాలని 2013 చట్టం చెబుతోంది. ఆ కమిటీ ఎవరో మీ ఆఫీసులో ఎవరికైనా తెలుసా? భోజనం వేళకు భోజనం, ప్యాకప్ వేళకు ప్యాకప్ ఉన్నాయా?

ఈసారి సినిమా అయిపోగానే సీట్లోంచి లేచిపోకండి. చివర్లో గబగబా పైకి పోయే పేర్లుంటాయే, అవన్నీ వెనక పెట్టెలోని మనుషులవి. వాళ్ళు ధైర్యంగా "ఆపండి" అనగలిగిన చోటే, హీరో నిశ్చింతగా "యాక్షన్" చెయ్యగలడు!